కొట్టులో అయిదు గదులు

తుఫాను వెళ్ళిపోయిన మూడోనాటికి ఆ ఊళ్ళో కప్పు నిలిచిన కొంపలు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు ఎక్కువే అయ్యాయి. వాటిలో ఒక్క పెంకు కూడా జారకుండా నిలబడింది మాత్రం హైమావాళ్ళ ధాన్యం కొట్టొక్కటే.

కాలవగట్టున, లాకులకి ఈవల ఉంటుందది. గణేష్‌బాబు ముత్తాత కట్టించాడు. గుమ్మం పైన రాతిపలక మీద 1887 అని చెక్కి ఉంటుంది. వరదనీళ్ళు అందకుండా మనిషి నడుమెత్తు రాతిస్తంభాలు, వాటి మీద భద్రాచలం అడవుల్నించి గోదాట్లో తెప్పలు కట్టి దింపిన టేకు దూలాలు, దూలాల మీద పలకల నేల. గానుగసున్నంతో కట్టిన మూరన్నర మందం గోడలు. లోపల వరసగా అయిదు అరలు, ఒక్కో తలుపు మీదా తారుతో రాసిన ధాన్యం పేరు: అక్కుళ్ళు, బొండాలు, కృష్ణకాటుకలు, గరికసన్నాలు, విత్తనాలు. ఒకప్పుడు ధవళేశ్వరం వెళ్ళే పడవలు ఈ కొట్టు దగ్గరే ఆగి బస్తాలు ఎక్కించుకునేవి. మిల్లులవాళ్ళు కళ్ళంలోనే కాటా వేసి లారీల మీద తోలుకుపోవడం మొదలెట్టాక కొట్టుతో పని లేకుండా పోయింది. పాత గోనెసంచులు, రెండు విరిగిన నాగళ్ళు, సత్యంగారి నులకమంచం, ఇవే అందులో మిగిలాయి.

ఆ తొంభయ్యారు నవంబరులో కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి పద్దెనిమిదిమంది మనుషులొచ్చారు. స్కూలు కప్పు ఎగిరిపోయింది, పంచాయితీ ఆఫీసులో మోకాలిలోతు నీళ్ళు. ఎక్కడ దించాలో తెలీక ప్రెసిడెంటు తల పట్టుకుంటే, గణేష్‌బాబు కొట్టు తెరిచి ఇచ్చాడు. పదకొండు రోజులు వాళ్ళు అందులోనే పడుకున్నారు. హైమా, వంటలో సాయానికి వచ్చే లోవలక్ష్మీ కలిసి రెండు పూటలా వండి పంపారు. వెళ్ళిపోయేరోజు వాళ్ళ ఇంజనీరు ఉదయ్‌భాస్కర్ సెలవు తీసుకోడానికి ఇంటికొచ్చాడు.

"ఉద్యోగంలో చేరాక ఎన్ని గెస్ట్‌హౌసుల్లో పడుకున్నానో చెప్పలేనండి. ఇంత చల్లగా, ఇంత నిమ్మళంగా ఎక్కడా నిద్రపట్టలేదు. దీన్ని ఊరికే పాడుపెట్టకండి," అన్నాడు.

మర్యాదకి అన్నమాటే కావచ్చు. కాని ఆ మాట హైమ మనసులో నాటుకుపోయింది. ఆమె పుట్టి పెరిగింది సామర్లకోటలో. తండ్రి జంక్షన్లో ప్రయాణికులు పడుకునే గదులు చూసుకునే ఉద్యోగి. దుప్పట్లు ఉతికించడం, వేళకి వేన్నీళ్ళు అందించడం, రైలు తప్పిపోయినవాళ్ళకి ధైర్యం చెప్పడం చిన్నప్పుడు దగ్గరుండి చూసింది. ఇక్కడ చూస్తే తొమ్మిదెకరాల కొబ్బరితోటలో తొంభై చెట్లు కూడా మిగల్లేదు. కొత్తమొక్కలు కాపుకొచ్చేసరికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అంతదాకా చేతులు ముడుచుకు కూర్చోడమెలా? ఏడాదిపాటు ఆలోచించి, ఒకరోజు భోజనాల దగ్గర మొగుడితో చెప్పింది.

"మన కొట్టుని గెస్ట్‌హౌసు చేద్దామండి. అయిదు అరలు, అయిదు గదులు. అంతర్వేది వెళ్ళేవాళ్ళు, బ్యాంకువాళ్ళు, వ్యవసాయశాఖవాళ్ళు, పెళ్ళిళ్ళకొచ్చే చుట్టాలు, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు కదా?"

గణేష్‌బాబు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "ఆలోచన బాగానే ఉంది. బాబాయ్‌కి ఎవరు చెబుతారు?"

బాబాయ్ అంటే సత్యంగారు. పూర్తిపేరు వీరవెంకటసత్యనారాయణ. అన్నవరం స్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. గణేష్‌బాబు తండ్రికి తమ్ముడు. అరవయ్యయిదేళ్ళు, తాటిచెట్టులా పొడుగు, మాట తక్కువ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. రెండుపూటలా ఇంటికొచ్చి వరండాలో పీట మీద కూర్చుని భోంచేసి, కంచం తనే కడిగి బోర్లించి, మళ్ళీ కొట్టుకి వెళ్ళిపోయేవాడు. కొట్టు తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. ధాన్యం లేకపోయినా తాళం వేసేవాడు, ధాన్యం లేకపోయినా అక్కడే పడుకునేవాడు. హైమ కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారు చెప్పింది: "మీ చినమావగారికి కొట్టంటే ప్రాణం." ఆ మాట ఆమె పంతొమ్మిదేళ్ళుగా నమ్ముతూ వచ్చింది. అందరూ నమ్మేదే కాబట్టి అందులో నమ్మకపోవడానికేమీ కనబడలేదు.

మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని హైమే కొట్టుకి వెళ్ళింది. ఆయన మెట్ల మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. ఉన్న సంగతంతా వరసగా చెప్పింది. ఆయన కాలవకేసి చూస్తూ విన్నాడు.

"ఎంతమంది పడతారమ్మా?" అన్నాడు చివరికి.

"గదికి ఇద్దరు చొప్పున పదిమందండి."

"మంచి ఆలోచనే." లేచి మొలలోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తాళానికి వారానికోసారి కొబ్బరినూనె రాయించు. లేకపోతే పట్టేస్తుంది."

హైమ ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. "ఒక్కమాట అడ్డం చెప్పలేదండీ!" అంది. గణేష్‌బాబు గుండెల మీంచి బరువు దిగింది. ఇద్దరూ అంత సంతోషంలో ఉండి, తాళంచెవి ఇచ్చేసిన మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడని అనుకోనేలేదు.

తొంభయ్యెనిమిది వేసవిలో పని మొదలైంది. వడ్రంగి సత్తిరాజు నలుగురు మనుషుల్ని వేసుకుని దిగాడు. గోడలకి కిటికీలు పెట్టడానికి ఒక్కో కన్నం నాలుగేసి రోజులు పట్టింది. గునపం దిగేది కాదు. "ఇది గోడ కాదండి, కొండండి," అనేవాడు తాపీమేస్త్రి చెమట తుడుచుకుంటూ. పలకలు ఊడదీస్తే కింద సందుల్లో నూరేళ్ళ నాటి ఊకా, దూగరా ఎత్తినకొద్దీ వచ్చాయి. తలుపుల మీద తారు అక్షరాలు గీకేద్దామన్నారు పనివాళ్ళు. హైమ వద్దంది. గదులకి అవే పేర్లు ఉంచుతానంది.

ఈలోగా సత్యంగారి మంచం ప్రయాణం మొదలెట్టింది. ముందు కొట్టు వరండాలోకొచ్చింది. అక్కడ సున్నం గుట్ట పోస్తే పశువుల పాకలోకి పోయింది. పాకలో సిమెంటు బస్తాలు పెట్టాల్సొచ్చి గడ్డిమేటు పక్కకి చేరింది. వానజల్లు పడ్డరోజున లాకుల దగ్గర కప్పున్న అరుగు మీదకి వెళ్ళింది. ఎవరూ జరపమని అనలేదు. ఎవరో వస్తువు పట్టుకొస్తున్నారని తెలియగానే ఆయనే లేచి, మంచం భుజానికెత్తుకుని వెళ్ళేవాడు. హైమ ఇదంతా కళ్ళతో చూసింది గాని మనసు పెట్టలేదు. పింగాణీ బేసిన్లు కాకినాడ నుంచి రావాలి, గొట్టాలు సరిపోవడం లేదు, రంగులవాడు రానన్నాడు. ఆమె తలనిండా అవే.

ఒకరోజు మధ్యాహ్నం సత్తిరాజు టేపు మెళ్ళో వేసుకుని వచ్చాడు.

"అమ్మగారండి, అయిదు గదులకీ పది మంచాలు కోసేస్తున్నానండి. మరి సత్యంగారిది ఏ గదండి?"

"ఏం?"

"ఆయన పొడుగు మనిషి కదండి. అందరి కొలతా పెడితే కాళ్ళు బయటికొచ్చేస్తాయండి. ఆ ఒక్కటీ ఆరంగుళాలు పెంచుదామని."

హైమ లోపలికెళ్ళి నోటుపుస్తకం తెచ్చుకుంది. ఏడాది నుంచి రాత్రీ పగలూ గీసుకున్న ప్లానది. అయిదు గదులున్నాయి. స్నానాలగదులున్నాయి. వంటిల్లుంది. దుప్పట్ల బీరువాకి చోటుంది. అతిథుల కార్లు తోలుకొచ్చే డ్రైవర్లు పడుకోడానికి వెనక వరండాలో బల్లలు కూడా గీసింది. పుస్తకం చివరిదాకా తిప్పింది. సత్యంగారికి ఎక్కడా చోటు లేదు.

ఆమెకి ఎప్పుడో రాబోయే, మొహం కూడా తెలియని డ్రైవరు గుర్తొచ్చాడు. రోజూ రెండుపూటలా తన చేతి అన్నం తినే మనిషి గుర్తు రాలేదు.

"చెబుతాను సత్తిరాజూ," అని చెప్పులు వేసుకుని బయల్దేరింది. గడ్డిమేటు దగ్గర లేడు. పాకలో లేడు. లాకుల అరుగు మీద మంచం నిలబెట్టి ఉంది, పక్కబట్ట నీటుగా మడిచి తాడుతో కట్టి ఉంది. తిరిగొచ్చి లోవలక్ష్మిని అడిగింది.

"పొద్దున్నే సంచి పుచ్చుకుని బస్సెక్కారండి. అన్నవరం వెళ్ళొస్తానని చెప్పమన్నారండి. తమరికి తెలుసనుకున్నానండి," అంది లోవలక్ష్మి.

గణేష్‌బాబు తేలిగ్గా తీసుకున్నాడు. "స్వామి పేరు పెట్టుకుని ఒక్కసారైనా ఆ కొండెక్కలేదు. వెళ్ళనీ, పుణ్యం. రేపో ఎల్లుండో వస్తాడు."

రేపు గడిచింది, ఎల్లుండి గడిచింది. వారం గడిచింది. వరండాలో పీట గోడకానించి అలాగే ఉంది. లోవలక్ష్మి అలవాటుకొద్దీ ఆయన వాటా బియ్యం కూడా పోసేసి, తర్వాత నాలిక్కరుచుకునేది. తొమ్మిదోరోజు పొద్దున్న హైమ చీర మార్చుకుని సంచి తీసింది.

"నేనూ వస్తానుండు," అన్నాడు గణేష్‌బాబు.

"వద్దండి. ఆ ప్లాను గీసింది నేను. నేనే వెళ్తాను."

ముక్తేశ్వరం రేవులో పంటు పడవెక్కి గోదారి దాటి కోటిపల్లిలో దిగింది. అక్కణ్ణించి కాకినాడ బస్సు, కాకినాడలో మళ్ళీ మారి అన్నవరం. చేరేసరికి మూడయింది. కొండకింద సత్రాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ వెళ్ళింది. మొదటిదాంట్లో అయిదురోజుల కిందట ఖాళీ చేశారన్నారు. రెండోదాంట్లో మొన్న ఖాళీ చేశారన్నారు. మూడోది ఓ ప్రైవేటు సత్రం. గుమస్తా ఆనవాలు పూర్తిగా విననేలేదు.

"పొడుగ్గా ఉంటారు, కోనసీమ నుంచి వచ్చారు, ఆయనే కదండి? పదకొండో నంబరు. అదిగో, వరండాలో ఉన్నారు."

సత్యంగారు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం నున్నగా గీయించుకుని ఉతికిన పంచె కట్టాడు. సామాన్లతో దిగుతున్న యాత్రికుల్ని శ్రద్ధగా చూస్తున్నాడు. హైమని చూసి కంగారు పడలేదు.

"రా అమ్మా. ఎండన పడి వచ్చావు. ఇటు కూర్చో. ఇటు నీళ్ళకుండ పక్కన గాలి చల్లగా ఉంటుంది."

మనిషిని చూడగానే ఏం చెప్పాలో అన్నీ దారిలో అనుకుంటూ వచ్చింది. తీరా చూసేసరికి ఒక్కటే వచ్చింది నోటికి.

"తప్పయిపోయింది మావయ్యగారూ. అయిదు గదులు గీశాను. డ్రైవర్లకి కూడా బల్లలు గీశాను. మీకు గీయలేదు."

ఆయన కుండలోంచి నీళ్ళు ముంచి గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"నీ తప్పేముందమ్మా. నువ్వు కాపరానికొచ్చేటప్పటికే నేనక్కడ తలుపూ గడియల్లో ఒకణ్ణయిపోయాను. గడియకి గది ఎవరు గీస్తారు?" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అది లేకపోవడమే హైమకి ఎక్కువ కష్టంగా ఉంది.

"మీకు కొట్టంటే ప్రాణమని అందరూ..."

"అంటారు." ఆయన నవ్వాడు. "నాకు పంతొమ్మిదేళ్ళప్పుడమ్మా. ఎవరో కొట్టు తాళం బద్దలుకొట్టారు. పోయిందేమీ లేదు, నాలుగు బస్తాలు. కాని మా నాన్నకి భయం పట్టుకుంది. 'ఒరే సత్యం, ఈ పంట పడవెక్కేదాకా నువ్వు కొట్టులో పడుకోరా' అన్నారు. మంచం మోసుకెళ్ళి వేసుకున్నాను. పంట పడవెక్కింది. మళ్ళీ దాళ్వా పంట వచ్చింది. ఈలోగా అన్నయ్యకి పెళ్ళయింది, ఇంట్లో నా గది వాళ్ళకిచ్చారు. తర్వాత నాన్న పోయారు. ఇంక లోపలికి వచ్చేయమని చెప్పడం ఎవరికీ గుర్తులేదు."

"మీరు అడగలేకపోయారా?"

"అడిగితే రమ్మనేవాళ్ళే. మా అన్నయ్య మంచివాడు. కాని మన ఇంట్లోకి మనం వస్తామని అడగడమేంటమ్మా? ఇవాళ అంటారు, రేపంటారు అనుకున్నాను. కొన్నాళ్ళకి అందరూ 'సత్యానికి కొట్టంటే ప్రాణం' అనడం మొదలెట్టారు. నేనూ అదే నిజమనుకున్నాను. అనుకోకపోతే నిద్రెలా పడుతుంది?"

ఒక్క పంటకని వెళ్ళిన మనిషి నలభయ్యారేళ్ళు ఉండిపోయాడు. హైమ గ్లాసులో నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

"ఒక సంగతి చెప్పనా?" ఆయనే మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి గొంతులో హుషారొచ్చింది. "ఇక్కడికి వచ్చినరోజు ఆ గుమస్తా పూర్తిపేరు చెప్పండి అన్నాడు. చెప్పాను. పెద్దపుస్తకంలో ఒక్క అక్షరం వదలకుండా రాశాడు. చాపా, చెంబూ, తాళంచెవీ ఇచ్చి, మీ గదండి అన్నాడు. ఆ తాళంచెవి పట్టుకుని చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాననుకో. ఇన్నేళ్ళూ నా మొలలో తాళంచెవి ఉంది. కాని అది ధాన్యం గదిది. ఇది నేను పడుకునే గదిది."

"అందుకనే మూడు సత్రాలు తిరిగారా?"

"మూడురోజులకి మించి ఎక్కడా ఉండనివ్వరమ్మా. లేకపోతే మొదటిదాంట్లోనే ఉండేవాణ్ణి." ఆయన ముందుకి వంగాడు. "ఇదిగో, అడుగుదామనుకుంటున్నాను. నీ గదుల్లో దీపం స్విచ్చి ఎక్కడ పెట్టిస్తున్నావు?"

"గుమ్మం దగ్గరండి."

"ఇక్కడా అంతే. దీపం ఆర్పి, చీకట్లో తడుముకుంటూ మంచం దగ్గరికి రావాలి. నిన్న ఓ ముసలావిడ తూలిపడబోయింది. మంచం పక్కన ఇంకోటి పెట్టించు. సంచి తగిలించుకోడానికి కొక్కెం పెట్టించు. ఇక్కడ లేదు, అందరూ సంచులు నేలమీద పెట్టుకుని చీమలు దులుపుకుంటున్నారు. వచ్చినవాళ్ళని ముందు పేరడక్కూడదు, ముందు కూర్చోబెట్టి నీళ్ళివ్వాలి. పేరు తర్వాత రాసుకోవచ్చు."

జంక్షన్లో పెరిగిన తనకి ఈ విద్య అంతా తెలుసనుకుంది హైమ. తొమ్మిదిరోజుల్లో ఈయన తనకంటే ఎక్కువ నేర్చుకున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, వెనకాలే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

"ఇంటికి రండి మావయ్యగారూ. కొట్టులోకి కాదు. ఇంట్లోకి."

ఆయన పంచె అంచు సవరించుకున్నాడు. దూరంగా కొండమీంచి గంట వినిపించింది.

"గది రేపు పొద్దున్న దాకా నాదే. గడువుండగా వదిలేయడమెందుకు? నువ్వూ ఉండు. ఆడవాళ్ళ హాల్లో చోటుంది, నేను గుమస్తాతో చెబుతాను. రేపు స్వామిని చూసుకుని బయల్దేరదాం," అన్నాడు.

మర్నాడు దర్శనం అయ్యాక కొండమీద ప్రసాదం పొట్లాలు కొనుక్కుని, ఒకటి విప్పుకుని అక్కడే మెట్ల మీద కూర్చుని తిన్నారు. మిగతావి ఇంటికి కట్టుకుని బస్సెక్కారు.

ఇంట్లో తూర్పు వరండా పక్కన ఓ గది ఉంది. కుట్టుమిషనూ, బియ్యం డ్రమ్ములూ ఉండేవి. హైమ తిరిగి వచ్చినరోజే వాటిని తీయించి, గోడలకి సున్నం వేయించింది. నాలుగోరోజు సాయంత్రం గణేష్‌బాబు లాకుల దగ్గర్నించి మంచం తనే మోసుకొచ్చి కిటికీ పక్కన వేశాడు. అన్నవరంలో విన్న సంగతి హైమ అతనికింకా చెప్పలేదు. ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. సత్యంగారు సంచి పుచ్చుకుని గుమ్మం అవతలే నిలబడ్డాడు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలీనట్టు ఇటూ అటూ చూస్తున్నాడు.

"అక్కడ నిలబడిపోయావేంటి బాబాయ్? లోపలికి రా," అన్నాడు గణేష్‌బాబు, దుప్పటి దులుపుతూ.

ఏమీ తెలియకుండా, మామూలుగా అన్నాడు. వంటింట్లో హైమ చేతిలో గరిటె ఆగిపోయింది. తర్వాత గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది.

మొదటి వారం ఆయనకి అక్కడ నిద్ర పట్టలేదు. గోడలు పల్చగా ఉన్నాయని, పక్కగదిలో గడియారం వినిపిస్తోందని చెప్పాడు. హైమ గడియారం హాల్లోకి మార్పించింది. రెండోవారం నుంచి పొద్దున్న ఆరయినా లేచేవాడు కాదు. సత్తిరాజు మాటమీద నిలబడి ఆరంగుళాలు పొడుగైన టేకుమంచం చేసి తెచ్చాడు. నులకమంచం పాకలోకి పోయింది. ఆయన అడగలేదు.

తొంభైతొమ్మిది మాఘంలో, అంతర్వేది తీర్థానికి ముందు, గెస్ట్‌హౌసు తెరిచారు. అన్నీ సవ్యంగా జరిగిపోయాయని కాదు. మొదటి నెలలోనే ఒక స్నానాలగదిలో నీళ్ళు వెనక్కి తన్నాయి. ఒక బ్యాంకు ఆఫీసరు, గోడల్లోంచి ఇంకా వడ్లదుమ్ము వాసనొస్తోందని రాత్రంతా తుమ్మి, పొద్దున్నే అమలాపురం లాడ్జికి పోయాడు. పలకల సందుల్లోంచి ముక్కపురుగులు బయల్దేరితే హైమా, లోవలక్ష్మీ రెండురోజులు వేపాకు పొగ పెట్టారు. శ్రావణం వచ్చేదాకా రెండు గదులు దాటి నిండలేదు. కాని వచ్చినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చారు. శరత్‌చంద్ర అని కాకినాడ కాలేజీలో చరిత్ర చెప్పే మేష్టారు మూడురోజులకని వచ్చి అక్కుళ్ళ గదిలో ఇరవైరోజులున్నాడు.

ఉదయ్‌భాస్కర్ తన తల్లిని తీసుకుని దసరా సెలవుల్లో వచ్చాడు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నడుమెత్తు మెట్లు చూసి కిందనే నిలబడిపోయింది. సత్యంగారు కుర్చీ తెప్పించి ఆవిణ్ణి కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, సత్తిరాజుని కేకేశాడు. పూర్వం బస్తాలు పడవలోకి దించడానికి వాడిన పొడుగాటి బల్ల దూలాల కింద ఇంకా ఉందని ఆయనకొక్కడికే తెలుసు. దాన్ని లాగి, ఏటవాలుగా వేసి, జారకుండా పైన అడ్డపట్టీలు కొట్టించాడు. గంటలో ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిచి పైకెక్కింది. ఆ బల్ల తర్వాత తీయలేదు. ఇటుకలు పేర్చి అక్కడే స్థిరంగా కట్టించేశారు.

రిజిస్టరు రాసే పని ఆయనే తీసుకున్నాడు. నీళ్ళు తాగాక, కాఫీ అయ్యాక, తీరిగ్గా పుస్తకం తెరిచేవాడు.

"శరత్ అని రాసుకోండి, చాలు," అన్నాడు మేష్టారు మొదటిసారి.

"పూర్తిగా చెప్పండి. చోటుంది," అన్నాడు సత్యంగారు.

ఆ మేష్టారే మరోసారి వచ్చినప్పుడు గోడల మందం కొలుచుకుంటూ, దూలాల మీద పాత గాట్లు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటూ, ఏదడిగినా ఈయన చెబుతుంటే ఆశ్చర్యపోయి, "మీరు ఇక్కడ ఎన్నాళ్ళనుంచి ఉంటున్నారండి?" అని అడిగాడు.

సత్యంగారు కలం మూత పెట్టి కొంచెం ఆలోచించాడు.

"పోయినేడాది నుంచేనండి," అన్నాడు.

పక్కగదిలో దుప్పట్లు మడుస్తున్న హైమకి ఆ మాట వినిపించింది. ఆ రాత్రి ఆమె గణేష్‌బాబుకి అన్నవరం సంగతి మొత్తం చెప్పింది. అతను వింటూ వింటూ లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. చాలాసేపటికి గాని రాలేదు. మర్నాటి నుంచి వరండాలో పీట తీసేసి, బాబాయ్ కంచం తన పక్కనే పెట్టించుకోవడం మొదలెట్టాడు.

రెండువేల ఒకటి కార్తీకం నాటికి అయిదు గదులూ చాలావరకు నిండుతూ ఉండేవి. ఒకరోజు గరికసన్నాల గదిలో దిగిన కుటుంబంవాళ్ళు ఉప్పాడలో కొన్న చీరలు చూపిస్తూ, అక్కడ సముద్రం ఏటేటా ఒడ్డునీ, ఒడ్డు పక్క రోడ్డునీ ఎలా కోసుకుపోతోందో చెప్పారు. సత్యంగారు నోరు తెరుచుకుని విన్నాడు. సాయంత్రం హైమ దగ్గరికొచ్చాడు.

"నాలుగురోజులు నేను లేకపోతే నువ్వు చూసుకోగలవా?"

"చూసుకుంటానండి. ఎక్కడికి?"

"ఉప్పాడ. ఆ రోడ్డు ఇంకా మిగిలుండగానే చూద్దామని. అక్కడ పడుకోడానికి ఏముంటుందో ఏమో. ఏదున్నా చూసొస్తాను, మనకి పనికొచ్చేదేమైనా ఉండొచ్చు."

మర్నాడు పొద్దున్న గణేష్‌బాబు మోటారుసైకిలు మీద ఆయన్ని ముక్తేశ్వరం రేవుదాకా దింపి వచ్చాడు. మధ్యాహ్నం వాన పట్టుకుంది. పంటు ఆలస్యమై, రావలసిన రెండు కుటుంబాలూ తడిసిముద్దయి నాలుగింటికి చేరాయి. హైమ వాళ్ళని కూర్చోబెట్టి, తల తుడుచుకోడానికి తువ్వాళ్ళిచ్చి, పిల్లల బూట్లు చూరుకింద ఆరబెట్టించింది. లోవలక్ష్మి కాఫీ కలపడానికి లోపలికెళ్ళింది. పేర్లు తర్వాత రాసుకోవచ్చని హైమ రిజిస్టరు బల్ల మీద మూసే ఉంచింది.